ఓ-యు-జి-హెచ్: రాత ఒకటే, పలుకులు ఎన్నో

ప్రశ్న: మా పాప ఒడియా మీడియంలో 8వ తరగతి. ఇంగ్లిషులో ఓ-యు-జి-హెచ్ వచ్చే మాటలన్నీ కలగాపులగం చేసేస్తోంది. అర్థాలతో సహా ఏదైనా దారి చెప్పండి. (ఒక తల్లి, పర్లాకిమిడి)

జవాబు: అన్నీ ఒకేసారి బట్టీ పట్టించకండి. ముందు చివర టి ఉన్నవాటిని పక్కకు తీయండి. వాటి పలుకు దాదాపు ఎప్పుడూ ‘ఆట్’. థాట్ అంటే ఆలోచన, ఆలోచించాను అనీ. బాట్: కొన్నాను. బ్రాట్: తెచ్చాను. ఫాట్: పోరాడాను. సాట్: వెతికాను, కోరాను. నాట్: సున్నా. వట్టి ‘ఆట్’ అయితే చెయ్యాల్సిన పని గురించి చెప్పేటప్పుడు వాడతాం. దారి తప్పేది డ్రౌట్ ఒక్కటే. అంటే కరువు.

బాట్, బ్రాట్ తారుమారు చెయ్యని పిల్లలు తక్కువ. బ్రింగ్‌లో ఆర్ ఉంది, బ్రాట్‌లోనూ ఉంది. బైలో లేదు, బాట్‌లోనూ లేదు. ఇది చూపిస్తే చాలు.

ఇంకో చిక్కు: కాట్ (పట్టుకున్నాను), టాట్ (నేర్పాను) కూడా చెవికి ఇలాగే వినిపిస్తాయి గానీ రాతలో ఓ బదులు ఎ వస్తుంది. దీనికి నమ్మదగిన గుర్తు ఒకటుంది. అసలు క్రియలో ఎ ఉంటే భూతకాలంలోనూ ఎ వస్తుంది. క్యాచ్‌లో, టీచ్‌లో ఎ ఉంది. థింక్, బై, బ్రింగ్, ఫైట్, సీక్ వీటిలో వెతికినా ఎ దొరకదు, కాబట్టి ఓ. స్పెల్లింగ్ తప్పుల్లో సగం ఇక్కడే పోతాయి.

టి లేనివాటిలో ‘ఫ్’ పలికేవి రోజూ పనికొచ్చేవి ఐదే: టఫ్ (గట్టి, కష్టమైన), రఫ్ (గరుకు), ఇనఫ్ (చాలినంత), కాఫ్ (దగ్గు), ట్రాఫ్ (పశువుల కుడితి తొట్టి). పాము కుబుసం విడవడాన్ని స్లఫ్ అంటారు. అదే స్పెల్లింగుతో స్లౌ అంటే ఊబినేల. ఇది పెద్ద తరగతులకు వదిలెయ్యొచ్చు.

మిగిలిన వాటిలో జి-హెచ్ పలకదు. ధో (అయినప్పటికీ), డో (కలిపిన పిండి ముద్ద), బౌ (చెట్టు పెద్ద కొమ్మ), ప్లౌ (నాగలి), థ్రూ (గుండా), థరా (క్షుణ్ణమైన). ఈ చివరిదాన్ని అమెరికాలో థరో అంటారు. ప్లౌని కూడా వాళ్లు చివర డబ్ల్యుతో పొట్టిగా రాస్తారు. పరీక్షలో మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.

పరీక్షల్లో ఎక్కువగా పొరపాటు పడే నాలుగింటినీ ఒకే వరసలో రాయించండి. మొదట ధో. అందులో హెచ్ తరవాత ఆర్ చేరిస్తే థ్రూ. ఆ ఆర్‌కు ముందు ఒక ఓ పెడితే థరా. ధో చివర టి తగిలిస్తే థాట్. గమనించండి, ధోలో మాత్రమే మొదటి అక్షరం ‘ధ’, మిగతా మూడూ ‘థ’.

ప్రశ్న: దగ్గుకూ దూడకూ ఇంగ్లిషు మాట తెలుగులో రాస్తే రెండూ కాఫ్. పలకడంలో తేడా ఏమిటి? (ఒక పాఠకుడు, సిరొంచ)

జవాబు: తేడా పెదవుల్లో ఉంది, మన లిపిలో లేదు. దూడ అనే కాఫ్‌కు నోరు బాగా తెరిచి ‘ఆ’ అనాలి. అందులో ఎల్ రాస్తారు, పలకరు. దగ్గు అనే కాఫ్‌కు పెదవులు గుండ్రం చేసి, కాస్త కుదించి పలకాలి. మీకు మరాఠీ వచ్చు కదా! డాక్టర్, ఆఫీస్ అని రాసేటప్పుడు అక్షరం నెత్తిన పెట్టే అర్ధచంద్రం సరిగ్గా ఈ శబ్దానికే. ఒడిశా వైపు పాఠకులకైతే ఇంకా తేలిక. జగన్నాథను ‘జొగొన్నాథొ’ అన్నప్పుడు నోరు ఎలా తిరుగుతుందో దాదాపు అదే. హైదరాబాదు పిల్లలకు లేని సదుపాయం ఇది, వాడుకోండి.

దూడ అనే కాఫ్‌కు కాలి పిక్క అనే అర్థమూ ఉంది. ఆస్పత్రిలో చెప్పేటప్పుడు జాగ్రత్త. బహువచనంలో ఈ తికమక ఉండదు: దగ్గులు కాఫ్స్, దూడలూ పిక్కలూ కావ్స్.

ప్రశ్న: పలకని జి-హెచ్‌ను అసలెందుకు రాస్తున్నారు? (డిగ్రీ విద్యార్థి, రాయగడ)

జవాబు: ఒకప్పుడు పలికేవాళ్లు. ఉర్దూ వచ్చినవాళ్లు ‘ఖబర్’ అనేటప్పుడు గొంతులో వచ్చే ఒరిపిడి లాంటి శబ్దం అది. ఇంగ్లిషుకు చుట్టమైన జర్మన్‌లో ఇప్పటికీ ఉంది. ఇంగ్లిషు డాటర్ (కూతురు) అక్కడ టోఖ్టర్, నైట్ (రాత్రి) అక్కడ నాఖ్ట్. ఇంగ్లిషులో ఆ శబ్దం కొన్ని మాటల్లో అరిగిపోయింది, కొన్నింట్లో ‘ఫ్’గా మారింది. అందుకే డాటర్ పక్కనే లాఫ్టర్ (నవ్వు). విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, నోరు మాత్రం మారుతూనే పోయింది.

అన్ని జి-హెచ్‌లూ ఆ పాత గొంతువే అనుకోకండి. డిలైట్ (ఆనందం) ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దానికి ఆ రెండక్షరాలూ లైట్‌ను చూసి అంటించినవే.

ప్రశ్న: మాట మొదట్లో జి-హెచ్ వస్తే? (పోటీ పరీక్షల అభ్యర్థి, బల్లార్షా)

జవాబు: మొదట్లో వస్తే ఎప్పుడూ ‘గ’, హెచ్ మౌనం. ఘోస్ట్ అనకండి, గోస్ట్ (దెయ్యం). గాస్ట్‌లీ: ఒళ్లు గగుర్పొడిచే. గెటో: ఒక వర్గంవాళ్లను విడిగా ఉంచిన పేటవాడ. గర్కిన్: ఊరవేసే చిన్న దోసకాయ. మన నెయ్యి కూడా హిందీ ‘ఘీ’ రూపంలో ఇంగ్లిషు నిఘంటువుల్లో ఉంది, వాళ్లు పలికేది ‘గీ’. ఎక్కిళ్లకు హికప్ అన్నప్పుడు ఓ-యు-జి-హెచ్‌తో ముగిసే పాత స్పెల్లింగు ఒకటి కనిపిస్తుంది. తప్పేమీ కాదు గానీ చివర యు-పితో రాసే పొట్టి రూపమే ఇప్పుడు వాడుకలో ఉంది, అదే రాయండి.