మామోగ్రామ్ ఒకటి చెప్పి, అల్ట్రాసౌండ్ ఇంకొకటి చెప్తే ఏది నమ్మాలి?

మీ అమ్మగారికి మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) బైరాడ్స్ (రొమ్ము స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె) 0 అనీ, వేరే సెంటర్‌లో చేసిన అల్ట్రాసౌండ్‌లో 4ఏ అనీ వచ్చింది, ఏది నిజం అని అడిగారు. నేను డాక్టర్ని కాదండీ, ఇలాంటి గందరగోళం నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నా.

నిజానికి మీ రెండు రిపోర్టులూ కొట్టుకోవట్లేదు. సున్నా అంటే ఏమీ లేదని కాదు, కేసు వాయిదా పడ్డట్టు అనుకోండి: ఈ ఫిల్ములతో తేలట్లేదు, ఇంకో యాంగిల్‌లో తియ్యాలి, లేదా అల్ట్రాసౌండ్ చెయ్యాలి, లేదా పాత ఫిల్ములతో పోల్చాలి అని. మీవాళ్లు ఆ అల్ట్రాసౌండ్ చేయించారు, అందులో 4ఏ వచ్చింది. 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 నుంచి 10 శాతం లోపు, అంటే ఎక్కువమందికి ఏమీ ఉండదు, అయినా మామూలుగా బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చెయ్యమనే చెప్తారు. సున్నా చూపించి దీన్ని పక్కన పెట్టకండి.

నాకు ఉల్టా అయింది. మామోగ్రామ్‌లో 0, అల్ట్రాసౌండ్‌లో 2, అంటే క్యాన్సర్ అనుమానం లేదని. ఇంట్లో అందరూ ఆ రెండునే పట్టుకుని ‘ఇంకెందుకు టెన్షన్’ అన్నారు. నాకు మనసు ఒప్పక బ్రెస్ట్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు చేత్తో పరీక్ష చేసి, రిపోర్టు కాగితం కాదు, ఫిల్ముల సీడీ కావాలన్నారు. మొదటి సెంటర్‌వాళ్లు ‘రిపోర్టు ఇచ్చాం కదా’ అని నసిగారు గానీ గట్టిగా అడిగితే ఇచ్చారు. కొత్త రేడియాలజిస్టు ఆ చోట మాత్రమే నొక్కి ఇంకో ఫిల్ము తీస్తే ఆ నీడ విడిపోయింది, కణజాలం ఒకదానిమీద ఒకటి పడి అలా కనిపించిందట (నాది డెన్స్ బ్రెస్ట్, అంటే కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ). కానీ మామోగ్రామ్‌ని పక్కన పెట్టుకుని మళ్లీ అల్ట్రాసౌండ్ చేస్తే, ఇంకోచోట మొదటి రిపోర్టులో అసలు రాయని చిన్న గడ్డ దొరికింది. దానికి 3 ఇచ్చారు, అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతం మించదు, ఆరు నెలలకోసారి చూస్తారు. ఇప్పటిదాకా పెరగలేదు.

అందుకే రెండు రిపోర్టులూ, రెండు సీడీలూ, పాత ఫిల్ములుంటే అవీ ఒకే డాక్టరు ముందు పెట్టండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి, లేదా బ్రెస్ట్ సర్జన్ ఎవరైనా సరే. మామోగ్రామ్‌లో తేలని చోటూ, అల్ట్రాసౌండ్‌లో 4ఏ అన్న చోటూ ఒకటేనా అని తప్పకుండా అడగండి. వేరువేరైతే ఒకదానికి బయాప్సీ చేసినంత మాత్రాన రెండోది తేలినట్టు కాదు.

సూది గుచ్చితే పాకుతుందని చుట్టాలు భయపెడతారు, ఆ మాట విని ఆపకండి. మత్తు ఇంజెక్షన్ ఆ చోట మాత్రమే ఇచ్చి చిన్న ముక్కలు తీస్తారు, అదే కోర్ బయాప్సీ. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఫలితం ‘ఏమీ లేదు’ అని వచ్చినా స్కాన్‌లో కనిపించినదానికి అది సరిపోతోందా అని అడగండి, సరిపోకపోతే మళ్లీ ముక్క తియ్యాల్సి రావచ్చు.