ఫోన్ చూస్తూ తింటే రుచి తగ్గుతుందా?

తగ్గుతుంది, వంట మారదు, మనకు అందే రుచి తగ్గుతుంది. రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే, నములుతుంటే గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. దాన్ని పసిగట్టాల్సిన మెదడు రీల్స్‌లో ఉంటే తీపి, ఉప్పు కూడా తక్కువగానే తోస్తాయి. ఆత్రేయపురం పూతరేకునే తీసుకోండి. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద లాగి తీసిన రేకు అది, నాలుక మీద ఇట్టే కరిగిపోతుంది. ముందు నెయ్యి, వెనకాలే బెల్లం, చివర్లో యాలకులు. ధ్యాస ఫోన్ మీదుంటే మిగిలేది ఒట్టి తీపి. ఎన్ని తిన్నామో కూడా గుర్తుండదు.

శ్రద్ధగా తినడమంటే మౌనవ్రతం అనుకుంటారు. అక్కర్లేదు, పులుసు గురించే మాట్లాడుకుంటూ తినొచ్చు. శ్రద్ధ పెడితే ఏదైనా బావుంటుందన్నదీ పొరపాటే: పులస పులుసులో చింతపండు ఎక్కువైతే అదీ ఇంకాస్త బాగా తెలుస్తుంది.