తాళాల గుత్తి మీ జేబులోనే ఉందా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. 7 ఏళ్లుగా పాస్టర్‌గా ఉన్నాను. సంఘంలో 120 మంది దాకా ఉంటారు. ప్రసంగాలు, ఆసుపత్రి పరామర్శలు, కుటుంబ తగాదాలు, లెక్కలు అన్నీ నేనే చూస్తాను. అయినా 'పాస్టర్ గారు మా ఇంటికి రాలేదు' అనే మాట తప్పట్లేదు. ఫోన్ మోగితే టెన్షన్. ప్రసంగం కోసం తప్ప బైబిల్ తెరవడం లేదు. నా భార్య ఏమీ అనదు, ఆ మౌనం ఇంకా భారంగా ఉంది. సేవ మానేద్దామా అనిపిస్తోంది. ఇది విశ్వాసలోపమా?
- ఒక యువ పాస్టర్

జవాబు: బ్రదర్, మీ చివరి ప్రశ్నకు ముందు చెబుతాను. కాదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టించాడు. 'ఇక్కడేం చేస్తున్నావు' అని అడిగింది హోరేబు కొండకు చేరాకే. మీకు వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టర్ని కలవండి. జ్వరమొస్తే వెళ్లమా, అలాగే.

నేను సేవలోకి వచ్చి 31 ఏళ్లు. మొదటి 11 ఏళ్లు మీలాగే చేశాను. మందిరం తలుపు, మైకు పెట్టె, కానుకల పెట్టె, బీరువా, అన్ని తాళాలూ ఒకే గుత్తిగా నా చొక్కా జేబులో ఉండేవి. ఆ బరువుకు జేబు కుట్లు ఊడిపోయేవి. నా భార్య కుట్టీ కుట్టీ, చివరికి లోపల ఇంకో గుడ్డ వేసింది. ఒక శనివారం రాత్రి నన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఆదివారం సంఘమంతా వచ్చి మూసిన తలుపు ముందు నిలబడింది. తాళాలేమో నా మంచం కింద సంచిలో!

వాళ్లు వెళ్లిపోలేదట. మెట్ల మీదే కూర్చుని పాటలు పాడుకున్నారట. ఇంకా ఎదగలేదని నేను ఏళ్ల తరబడి ముందుకు రానివ్వని ఒక సోదరుడు కీర్తన చదివి ప్రార్థన చేశాడట. ఆ సంగతి విన్నప్పుడు నాకు సంతోషం రాలేదు. నేను లేకుండానే జరిగిపోయిందే అని బాధ కలిగింది. సంఘం కోసం మోస్తున్నాననుకున్న బరువులో సగం నా పేరు కోసమేనని అప్పుడు తెలిసింది. మీదీ అంతేనని అనను. కానీ ఒకసారి చూసుకోండి.

నిర్గమకాండము 18లో యిత్రో తన అల్లుడు మోషే ఒక్కడే జనం తగాదాలన్నీ తీర్చడం ఒక రోజంతా చూసి, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. మొదటి సగం మీద చాలాసార్లు ప్రసంగించాను, రెండోది పట్టించుకోలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోషే చుట్టూ నిలబడింది జనమే కదా. 'మా ఇంటికి రాలేదు' అన్న మాటను అలా వినండి, అది వరసలో నిలబడి అలసిన మనిషి మాట. యిత్రో చెప్పినట్టు పదేసి మందికి ఒకరు చొప్పున బాధ్యులను పెడితే మీకు 12 మంది చాలు. ఎవరికి బాగోలేకపోయినా మీకంటే ముందు వెళ్లి కూర్చునే అమ్మ ఒకరు ఉండే ఉంటారు. ఆమెతో మొదలుపెట్టండి. మిగతావాళ్లను సంఘాన్నే ఎంచుకోమనండి. విధవరాండ్ర భోజనం దగ్గర సణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు ఆ పని చూసే ఏడుగురినీ అలాగే ఎన్నిక చేయించారు.

లెక్కలు మాత్రం ఈ ఆదివారమే వదిలేయండి. చుట్టరికం లేని ఇద్దరు కానుకలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకం చేయాలి.

మీ భార్య సంగతి ఆమెనే అడగండి. అడిగాక సమర్థించుకోకుండా వినండి. నేను అడిగితే నా భార్య ఒక్క మాటే అంది: "మీరు ఇంట్లో కూడా పాస్టర్ గారిలాగే మాట్లాడతారు." దానికి నా దగ్గర జవాబు లేదు.

మానేయాలా వద్దా అన్నది ఆదివారం రాత్రి అలసటలో తేల్చుకోకండి. మీ సంఘం బయట ఒక పెద్ద సేవకుడి దగ్గర, నాకు రాసినదంతా నోటితో చెప్పండి. ఈలోగా గుత్తిలోంచి ఒక్క తాళం తీసి ఇచ్చేయండి. ఎవరికిచ్చారో నాకు రాయండి.