మోకరించే ఓపిక కూడా ఉండటం లేదు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఊరు. బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు, పాపకి తొమ్మిది వారాలు. పాపది ఆపరేషన్ కాన్పు. మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, సీజన్లో ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. మా అమ్మ లేదు, పురుడు అత్తగారింట్లోనే పోశారు. పెళ్లికి ముందు నుంచీ తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. పాప పుట్టాక బైబిలు తెరవలేదు. కుటుంబ ప్రార్థనలో కూర్చుంటే కునుకుపాట్లు, తీరా పడుకుంటే నిద్ర రాదు. పాప పడుకున్నా రాదు. "నీలో విశ్వాసం చల్లారింది, అందుకే ఇంట్లో శాంతి సమాధానం లేదు, శుక్రవారాలు ఉపవాసం ఉండు" అంటున్నారు అత్తయ్య. బాబు పాపని గిల్లుతున్నాడు. మొన్న మొహం మీద దిండు పెట్టాడు. వాణ్ణి గట్టిగా కొట్టి, తర్వాత వాడికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. ఒక్కోసారి ఇద్దర్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. దేవుడికి నా మీద కోపం వచ్చిందా?

జవాబు: అమ్మా, దేవుడి గురించి అడిగారు. దానికి జవాబు చెప్తాను. కానీ దానికంటే ముందు మీరు రాసిన రెండు మాటలు నన్ను ఆపేశాయి. పాప పడుకున్నా నిద్ర రావడం లేదన్నది ఒకటి, ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోందన్నది రెండోది.

కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే మనసు కష్టపెట్టుకోవడం చాలామంది తల్లులకి ఉండేదే. రెండు వారాల్లో అది దానంతటదే సర్దుకుంటుంది. మీకు తొమ్మిది వారాలైనా సర్దుకోలేదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అయి ఉండొచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే అయిపోతుంది. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ దెబ్బతినడం ఉంది. పైగా బాబుకి ఏడాదిన్నర కూడా నిండకముందే పాప కడుపున పడింది. ఒక కాన్పయ్యాక మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే, తల్లి ఒంట్లో ఖర్చయిపోయిన ఇనుము మళ్లీ చేరడానికి టైము పడుతుంది. ఇది మీ తప్పని చెప్పడం లేదు. మీ నీరసానికి ఒంట్లో కారణాలున్నాయని చెప్తున్నాను.

కాబట్టి ఈ వారంలోనే మీకు కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని మీరే అడగండి. "ఏడుపొస్తోంది, నిద్ర లేదు, పారిపోవాలనిపిస్తోంది" అని ఈ మూడూ నోరు తెరిచి చెప్పండి. "నీరసంగా ఉంది డాక్టరు గారూ" అని ఊరుకుంటే టానిక్ రాసి పంపిస్తారు. బాలింతల మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి పది ప్రశ్నల పత్రం ఒకటుంది, గడిచిన వారం రోజులు ఎలా గడిచాయో అడుగుతుంది. అందులో పదో ప్రశ్న, ప్రాణానికి హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. నేనూ అదే అడుగుతున్నాను. చచ్చిపోవాలనిగానీ, పాపని ఏదైనా చేసేస్తానేమోనన్న భయంగానీ ఒక్కసారైనా కలిగిందా? కలిగి ఉంటే వారం ఆగొద్దు. ఈ రోజే మీ ఆయనకి చెప్పండి, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి, ఒంటరిగా ఉండకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్, నంబరు 14416. ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ తల్లి అయిపోరు. మందులు రాస్తే పాలు మాన్పించాలేమోనని వెనకాడొద్దు, పాలిచ్చే తల్లులు వాడదగినవి ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న. బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. కర్మెలు కొండ మీద ప్రార్థన చేసి ఆకాశం నుంచి అగ్ని దింపిన మనిషి అన్న మాటలివి. అప్పుడు దేవుడు అతన్ని కోప్పడలేదు, విశ్వాసం చల్లారిందనలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూతని పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. యెషయా గ్రంథం 40వ అధ్యాయం 11వ వచనం కూడా ఒకసారి మీ ఆయన చేత చదివించుకోండి. కాపరి పిల్లల్ని రొమ్మున ఆనించుకుని మోస్తాడు, పాలిచ్చే వాటిని మెల్లగా నడిపిస్తాడు అని ఉంటుంది. మంద మొత్తానికి ఒకే నడక పెట్టలేదు ఆయన. మిమ్మల్ని పెళ్లికి ముందటి నడక నడవమని తరుముతున్నది మీరే, ఆయన కాదు.

ఉపవాసం సంగతి మాత్రం ఖండితంగా చెప్తాను. వద్దు. తల్లిపాలే తాగే పసిబిడ్డ ఉన్న తల్లికి మామూలుగా తినేదానికంటే రోజుకి దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి. పథ్యం పేరుతో నీళ్లు, ఆకుకూరలు, పప్పు తగ్గించి ఉంటే అవీ మళ్లీ మొదలుపెట్టండి. గుడ్డు తినండి. కాన్పయ్యాక ఆరు నెలలపాటు వాడమని ఇచ్చిన ఐరన్ బిళ్లలు వాడుతున్నారో లేదో చూసుకోండి. ఆ బిళ్లలు వేడి చేస్తాయని పక్కన పెట్టేసే ఇళ్లు నాకు తెలుసు.

అత్తయ్య మీద మీకు కోపం ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. నాకు మాత్రం ఆవిడ చెడ్డ మనిషిగా కనిపించలేదు. తల్లి లేని కోడలికి పురుడు పోశారు. ఇల్లు నిలబడాలనే ఆరాటంలో, తనకి తెలిసిన మందు చెప్తున్నారు. ఆవిడతో వాదించకుండా ఇలా అడిగి చూడండి: "అత్తయ్యా, శుక్రవారం నా బదులు మీరు ప్రార్థన చేయండి. నేను పడుకుని వింటాను." అడిగిన తర్వాత నిజంగానే పడుకోండి. కుటుంబ ప్రార్థన కూడా కొన్నాళ్లు ఆవిడా, బాబూ నడిపిస్తారు. ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన, వాడి చేత గట్టిగా ఆమేన్ అనిపిస్తే చాలు. ఇంటివాళ్లు మీ కోసం మోకరిస్తుంటే మీరు మంచం మీద ఉండటంలో అపరాధం ఏమీ లేదు.

సంఘంలో ఎవరైనా దీన్ని దురాత్మ పని అంటే, మందు మానేసి ప్రార్థన చేయించుకోమంటే, వినొద్దు. పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకోండి, డాక్టరు మందూ వేసుకోండి. గుంటూరు వాళ్లకి ఇది కొత్త కాదు. 1883లో అన్నా కుగ్లర్ అనే మిషనరీ డాక్టరమ్మ మీ గుంటూరుకే వచ్చి, మగ డాక్టరు చేత చూపించుకోలేని ఆడవాళ్లకి వైద్యం చేసి, ఆసుపత్రి కట్టించారు. బైబిలునీ మందునీ ఆవిడ ఒకే చేత్తో పట్టుకున్నారు. అత్తయ్యకి ఈ మాట చెప్పండి, కాదనలేరు.

బాబు విషయం. వాడు పాపని చంపాలని దిండు పెట్టలేదు, ఆ వయసులో ఊపిరాడదన్న సంగతి తెలియదు. అందుకే వాళ్లిద్దర్నీ రెండు నిమిషాలు కూడా ఒకే గదిలో ఒంటరిగా వదలకండి, మీరు బాత్‌రూముకి వెళ్లినా సరే. వాడు ఎప్పుడు గిల్లుతున్నాడో గమనించారా? నా అనుభవంలో ఎక్కువగా పాలిచ్చే వేళ. అమ్మ ఒడి అప్పుడే ఖాళీ ఉండదు, అమ్మ లేవలేదని కూడా వాడికి తెలుసు. మంచం దిగి, గోడకి ఆనుకుని చాప మీద కూర్చోండి. పాప ఒక పక్క, వాడు ఇంకో పక్క. పాలిచ్చేటప్పుడు మాత్రమే మూత తీసే డబ్బా ఒకటి పెట్టుకోండి. కాసిని మరమరాలు, ఒక బొమ్మ, బొమ్మల పుస్తకం ఉంటే చాలు. వేరుశనగ గుళ్లు మాత్రం వేయకండి, ఆ వయసుకి గొంతులో పడతాయి. ఆ పది నిమిషాలూ సండే స్కూలు పాట ఏదైనా వాడితో చేతులాడిస్తూ పాడండి. మీరు పోగొట్టుకున్నాననుకుంటున్న ప్రార్థన వేళ రోజుకి ఎన్నిసార్లు తిరిగి వస్తుందో చూడండి.

"నువ్వు పెద్దోడివి కదా" అనడం ఇంట్లో అందరూ మానేయాలి. రెండేళ్ల పిల్లవాడు పెద్దవాడు కాడు. మళ్లీ సీసా అడిగినా, పక్క తడిపినా, ఎత్తుకోమన్నా కొన్నాళ్లు వాడి మాట చెల్లనివ్వండి. చూడటానికి వచ్చినవాళ్లు ముందు వాణ్ణి పలకరించేలా అత్తయ్యకి చెప్పిపెట్టండి. కొట్టిన సంగతికి వస్తే, దగ్గరికి తీసుకుని "అమ్మకి కోపమొచ్చి కొట్టింది, కొట్టకూడదు, పాపని గిల్లకూడదు" అని రెండు ముక్కల్లో చెప్పి ముద్దు పెట్టుకోండి. వాడికి సరిపోతుంది. మళ్లీ చెయ్యెత్తబోతున్నారనిపిస్తే పాపని ఉయ్యాలలో వేసి, బాబుని అత్తయ్యకి అప్పగించి గదిలోంచి బయటికి రండి.

మీ ఆయనకి ఒక మాట. సీజన్ అని తెలుసు నాయనా. పది దాటాక వచ్చినా, అన్నం తిన్నాక ఒంటిగంట దాకా పాప బాధ్యత మీదే. ఆవిడ తొమ్మిదింటికి పాలిచ్చి పడుకుంటుంది. మళ్లీ ఆకలికి ఏడిస్తేనే తీసుకెళ్లి పక్కన పెట్టండి, తాగాక తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోండి, బట్ట మార్చండి. ఆదివారం బాబుని తయారుచేసి గుడికి మీరే తీసుకెళ్లండి. ఆవిడ రాలేదేమని అడిగితే, బాలింత, విశ్రాంతిలో ఉంది అని మీరే చెప్పండి. ఆవిడ చేత చెప్పించకండి. ప్రార్థనకి వస్తామనే సహోదరీలకి ఏదైనా పని అప్పగించండి. ఒకరు మధ్యాహ్నం కేరేజీ పంపొచ్చు, ఇంకొకరు సాయంత్రం గంటసేపు బాబుని ఆడించొచ్చు. చాలామంది అడిగితే చేస్తారు, అడగలేదని ఊరుకుంటారు.

తర్వాతి కాన్పు గురించి కూడా ఆ డాక్టరుతోనే మాట్లాడండి. పాలిస్తున్నాం కదా, నెల రాలేదు కదా అన్న ధీమా మీద ఉండొద్దు.

పాపకి పది వారాల టీకా రోజు ఎలా తప్పించరో, మీ డాక్టరు రోజు కూడా అలాగే తప్పించకండి. ఈ జవాబు మీ ఆయన చేత చదివించి, ఏ రోజు వెళ్తున్నారో ఈ రాత్రే ఖాయం చేసుకోండి. పరీక్షల్లో ఏమొచ్చిందో నాకు రాయండి. అత్తయ్యతో ఎలా నెట్టుకురావాలో అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.