360 ఫొటో తిరగడం లేదా? వాట్సాప్‌లో ఇలా పంపండి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మీ ఫ్లాట్ 360 ఫొటో (వేలితో జరిపితే అన్ని వైపులా చూపించే ఫొటో) అప్‌లోడ్ చేస్తే చుట్టూ తిరగకుండా, సాగదీసిన బొమ్మలా కనబడుతోందన్నారు. కెమెరా తప్పు కాదండీ. కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపుకున్నానని రాశారే, తేడా అక్కడే వచ్చింది. మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ‘ఇది 360 ఫొటో’ అని చెప్పే లోపలి సమాచారం కూడా పోతుంది.

1. కెమెరా యాప్ నుంచి ఒరిజినల్ ఫైల్‌ని మళ్లీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు ఉండాలి: ఉదాహరణకు 6000కి 3000 పిక్సెల్స్. క్రాప్ చేయొద్దు.

2. చాలామంది మర్చిపోయేది ఇదే: అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని పంపండి. కేబుల్ ఉంటే ఇంకా మంచిది.

3. ఆ ఫైల్‌నే అప్‌లోడ్ చేయండి.

ఒంగోలులో మా బావగారి ఇంటి ఫొటోకి రెండు రోజులు ఇదే టెన్షన్ పడ్డాం. డాక్యుమెంట్‌గా పంపాక వంటగది గట్టు నుంచి పెరట్లో జామచెట్టు దాకా చక్కగా తిరిగింది.