బయటి గొళ్లేలు ముందు ఊడదీయండి

ప్రశ్న: మాది హన్మకొండలో మహిళా సంఘం. ఇంట్లో దెబ్బలు పడలేక పిల్లలతో బయటికొచ్చిన ఆడవాళ్లు కొన్ని నెలలు ఉండేందుకు పాత రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకున్నం. కింద మూడు, పైన మూడు అర్రలు. ఆరు కుటుంబాలను ఉంచొచ్చా? ఏమేం మార్చాలె?

జవాబు: ఐదింటితో ఆపండి. ఆరో అర్ర వకీలు వచ్చినప్పుడు, ఎవరికైనా గోడు చెప్పుకోవాలనిపించినప్పుడు కావాలి. అది లేకుంటే తల్లి తనకు జరిగిందంతా పిల్లలు వింటుండగానే చెప్పాల్సి వస్తుంది.

ముందుగా ఒక స్క్రూడ్రైవర్ పట్టుకొని అర్రలన్నీ తిరగండి. పాత ఇండ్లలో తలుపుకు బయట కూడా గొళ్లెం ఉంటుంది. ఒక్కటీ మిగల్చకుండా తీసేయండి. గదిలో పెట్టి గొళ్లెం వేసిన ఇంటి నుంచి వచ్చిన మనిషికి ఆ ఇనుప చప్పుడు వినబడితే చాలు, ఆ రాత్రికి నిద్ర ఉండదు. లోపల మాత్రం గట్టి గడియ ఉండాలి, తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి. మారుచెవిని కవర్లో పెట్టి అంటించి ఆఫీసులో ఉంచండి. ఎప్పుడు, ఎందుకు తీశారో రిజిస్టర్లో రాసి ఆమె సంతకం తీసుకోండి. బాత్రూం గడియ నాలుగున్నర అడుగుల ఎత్తులో బిగిస్తే చిన్నపిల్లలు లోపల ఇరుక్కోరు.

వెనక గల్లీలోకి ఇంకో తలుపు తప్పనిసరి. బయటి నుంచి తెరుచుకోకూడదు, లోపలి నుంచి చెవి లేకుండానే తెరుచుకోవాలి. భద్రత అని దానికీ తాళం వేస్తారు, అవసరమైన రాత్రి ఆ చెవి దొరకదు. కెమెరాలు గేటుకు, ప్రహరీకి చాలు, నడవాలోకి, అర్రల్లోకి వద్దు. బోర్డు అసలే వద్దు.

వంటమనిషిని పెట్టి అందరికీ ఒకే కూర వండిస్తే సులువనిపిస్తుంది. కానీ తన పిల్లలకు ఏం పెట్టాలో కూడా ఆమె చేతిలో లేకుండా పోతుంది. రెండు పొయ్యిల స్టవ్వులు రెండు, కుటుంబానికో తాళం అల్మారా పెట్టండి. సిలిండర్లు ఇంటి బయట, మెట్లకు దూరంగా ఉండాలి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే వంటింట్లో పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే ఉంటే సరిపోదు, గోడ అడుగున కూడా జాలీ పెట్టించండి.

పై అర్రలు ఎండాకాలం కాగిపోతాయి. మార్చి రాకముందే డాబాకు తెల్లసున్నం రెండు పూతలు వేయించి, చంటిబిడ్డల తల్లులకు కింది అర్రలివ్వండి.

ప్రశ్న: పద్నాలుగేండ్ల కొడుకున్న తల్లిని తీసుకోవచ్చా? మిగతావాళ్లకు ఇబ్బంది అంటున్నరు. - జనగామ నుంచి ఒక అక్క

జవాబు: తీసుకోండమ్మా. కొంత వయసు దాటిన మగపిల్లలను చాలా వసతి గృహాలు రానివ్వవు. కొడుకును వదల్లేక తల్లి ఆ ఇంటికే తిరిగిపోతుంది. బాత్రూం లోపలే ఉన్న అర్ర వాళ్లకివ్వండి, ఇబ్బంది సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: భర్తకు అడ్రసు తెలియకుండా ఎట్ల? - కాజీపేట

జవాబు: ఎక్కువగా బయటపడేది ఫోన్లతోనే. చేరిన రోజే వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ (ఆమె వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో అందులో కనబడుతుంది), గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ (ఆమె ఎక్కడుందో ఇంకొకరికి కనబడుతుందా అని) చూడండి. పాస్‌వర్డులు మార్చండి. పిల్లల ఆటల ఫోను మర్చిపోవద్దు, చాలాసార్లు అందులో ఉండేది నాన్న అకౌంటే. ఉత్తరాలకు, పార్సిళ్లకు సంఘం ఆఫీసు అడ్రసే ఇవ్వండి.

బడి మార్చాలంటే టీసీ కోసం పాత ఊరికి పోనవసరం లేదు. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పిల్లలను ఎవరు తీసుకుపోవచ్చో హెడ్మాస్టరుకు రాసివ్వండి.

ఇంకో మాట ఆమెకు తప్పక చెప్పండి. ఇల్లు వదిలి వచ్చినంత మాత్రాన ఆ ఇంట్లో ఉండే హక్కు పోదు. 2005 గృహహింస చట్టం కింద నివాస ఉత్తర్వు, అంటే ఆ ఇంట్లో ఉండే హక్కును కాపాడే కోర్టు ఆదేశం, అడగొచ్చు. న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 181 (మహిళా హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం) నంబర్లు ప్రతి అర్ర తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాల్లో రాయించండి.