అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వచ్చింది, మెడికేర్ ఎప్పుడు?

మొన్నామధ్య ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మావాళ్లు గ్రీన్ కార్డు మీద వచ్చేశారు. ఇద్దరికీ అరవై అయిదు దాటింది. ఇక మెడికేర్ వచ్చేసినట్టేగా? నేను పదిహేనేళ్లుగా టాక్సులు కడుతూనే ఉన్నా." మెడికేర్ అంటే అమెరికాలో ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. ఇదే ప్రశ్న ఏడాదికి నలుగురైదుగురైనా అడుగుతారు నన్ను.

మనం కట్టే టాక్సు మన లెక్కలోకే పోతుంది. అమ్మానాన్నల లెక్కలో ఒక్క డాలరు పడదు. ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఉచితంగా రావాలంటే వాళ్లిద్దరిలో ఒకరికైనా ఇక్కడ 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని, ఉండాలి. అది లేనివాళ్లు 65 నిండి, గ్రీన్ కార్డుతో వరుసగా అయిదేళ్లు ఇక్కడ ఉంటే డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. 2025 లెక్కలో పార్ట్ ఏ నెలకి 518 డాలర్లు, డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి 185. అదీ మనిషికి. ఇద్దరికీ కలిపితే ఇంకో ఇంటి అద్దె కట్టినట్టే! పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు కానీ, ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు మన నెత్తినే పడుతుంది.

ఆ అయిదేళ్లు నిండేదాకా మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ వెబ్‌సైటులో దొరికే ప్రైవేటు ఆరోగ్య బీమా, కొనాలి. వచ్చిన 60 రోజుల్లోపు కొనేయండి. దాటితే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా, అంటే ఏడాదికోసారి అందరినీ చేర్చుకునే రోజులదాకా, ఆగాలి.

ఇక నేను చేసిన తప్పు. మా మామయ్యగారి కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" దగ్గర 2017 అక్టోబరు అని ఉంది. అయిదేళ్లు 2022 అక్టోబరుకి నిండాయి. మెడికేర్‌లో చేరడానికి ఆ నెలా, దానికి ముందు మూడు, తర్వాత మూడు కలిపి ఏడు నెలల గడువు ఇస్తారు. అంటే 2023 జనవరి ఆఖరు దాకా. మార్కెట్‌ప్లేస్ పాలసీ నడుస్తోంది కదా, తొందరేముంది అనుకున్నాను. ఆ పాలసీ ఉన్నా పెనాల్టీ తప్పదని నాకు తెలియదు. 2024 మార్చిలో చేర్పించేసరికి పద్నాలుగు నెలలు ఆలస్యం. నిండిన ప్రతి పన్నెండు నెలలకీ పార్ట్ బి మీద పది శాతం వేస్తారు, అదీ ఆయనకి పార్ట్ బి ఉన్నంతకాలం. 2025 ప్రీమియం లెక్కన నెలకి 18 డాలర్ల యాభై సెంట్లు ఎక్కువ. ఆయన ఏమీ అనలేదు గానీ, ప్రీమియం బిల్లు వచ్చినప్పుడల్లా కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె దగ్గర వేలు ఆన్చి చూస్తారు. నాకది చాలు.

కొందరు ఇంకో ఉపాయం చెబుతుంటారు. మనవణ్ణి చూసుకుంటున్నందుకు అమ్మకి జీతం ఇచ్చి క్రెడిట్లు సంపాదించొచ్చట. కన్నకొడుకు ఇంట్లో అమ్మ చేసే అలాంటి పనిని, ఈ క్రెడిట్లు లెక్కపెట్టే ప్రభుత్వ శాఖ సోషల్ సెక్యూరిటీ సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. బయట స్టోర్‌లోనో, స్కూల్ కెఫెటీరియాలోనో పనిచేస్తే క్రెడిట్లు పడతాయి. ఓపిక ఉండి, సరదాగా వెళ్తామంటే అడ్డుపడకండి.

గుళ్లో ప్రసాదం తినేటప్పుడు ఎవరో ఒకరు అంటారు: "పెద్దవాళ్లకి గవర్నమెంటు నెలకి తొమ్మిది వందలు ఇస్తుందిగా!" వాళ్లు చెప్పేది ఎస్ఎస్ఐ. 2025లో ఒక్కరికి గరిష్ఠంగా 967 డాలర్లు. అది వయసు ఒక్కటే చూసి ఇచ్చేది కాదు, గతిలేనివాళ్లకి ఇచ్చేది. గ్రీన్ కార్డు వాళ్లకి సాధారణంగా ఆ 40 క్రెడిట్లూ ఉండాలి. సిటిజన్‌షిప్ వచ్చాక ఆ షరతు పోతుంది కానీ ఆస్తి పరిమితి ఉంటుంది: ఒక్కరికి 2,000, దంపతులకి 3,000 డాలర్లు. ఇండియాలో ఉన్నదీ ఇందులోకే వస్తుంది.

మామయ్యగారు సిటిజన్ అయ్యాక ఒకసారి అడిగి చూద్దాం అన్నారు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో నేను అనువదిస్తానన్నాను. అక్కడివాళ్లు వద్దని, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కలిపారు. దానికి డబ్బు తీసుకోరు. స్పీకర్‌లోంచి "మీకు స్వదేశంలో స్థిరాస్తులు ఏమైనా ఉన్నాయా అండీ?" అని వినపడింది. నేను గుటక మింగేలోపే ఆయన, క్లాసులో హాజరు పలికినట్టు, "తెనాలిలో మేడ ఉందండీ. కింది వాటా అద్దెకిచ్చాం. టీచరు పెన్షన్ వస్తుంది" అనేశారు. ఆ మాటతోనే తేలిపోయింది. తర్వాత తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. దాన్నీ ఫైల్లో పెట్టుకున్నారు, పంచింగ్ మెషీన్‌తో చిల్లులు కొట్టి మరీ.

ఇంటిని దాచిపెట్టి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. దొరికితే పుచ్చుకున్నదంతా వెనక్కి కట్టాలి, పైగా కేసు. నిజంగా అర్హులైనవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి: వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్ఎస్ఐ ఆగిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ వరుసగా 30 రోజులు ఇక్కడ ఉంటేగాని మొదలవదు. సంక్రాంతికెళ్లి శివరాత్రి చూసుకుని వద్దామనేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఇవన్నీ తలకెక్కకపోతే పాలసీలు అమ్మే ఏజెంటు దగ్గరికి పరిగెత్తకండి. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత మెడికేర్ సలహా కేంద్రం ఉంటుంది. వాళ్లు ఏమీ అమ్మరు.

తమ్ముణ్ణి అమ్మగారి కార్డు ఫోటో పంపమన్నాను. 2025 మార్చి అని ఉంది. 2029 డిసెంబరుకి ఫోన్‌లో అలారం పెట్టుకోమన్నాను. "నాలుగేళ్ల తర్వాతకి అలారమా అక్కా!" అని నవ్వాడు. పెట్టి, స్క్రీన్‌షాట్ పంపాడు.